బోరు నీళ్లలో ఫ్లోరైడ్: ఇంట్లోనే, తక్కువ ఖర్చుతో తీసేయడం ఎలా?

"బిడ్డా, నీళ్లు తేటగనే ఉన్నయి గదా, ఇంకేం తీస్తవ్?"

మునుగోడు దగ్గర మా పెద్దమ్మ ఇంటి వాకిట్లో బకెట్టు, పటిక సీసా ముందు పెట్టుకుని కూర్చున్న రోజు ఆమె అడిగిన మాట ఇది. నల్గొండ జిల్లాకు ఫ్లోరైడ్ తెచ్చిన తంటా అంతా ఆ మాటలోనే ఉంది. బురద కంటికి కనబడుతుంది, ఉప్పదనం నాలుకకు తెలుస్తుంది. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, మన బోర్లలో ఉండే మోతాదులో రుచీ లేదు. ఏళ్ల తరబడి తాగాక పిల్లల పళ్ల మీద గార చారలు, పెద్దల నడుములో బిగుసు. అప్పుడు గానీ తెలియదు.

మిషన్ భగీరథ వచ్చాక నల్గొండ పల్లెల్లో కృష్ణా నీళ్లు తాగుతున్నారు, ఇంక ఈ గోల ఎందుకు అనొచ్చు. పైపు పగిలి నాలుగు రోజులు నల్లా రాకపోతే మళ్లీ బోరే దిక్కు. పొలం దగ్గర రోజంతా తాగేది బోరు నీళ్లే. తోటలో కాపురం ఉండేవాళ్లకు, ఇటుక బట్టీల దగ్గర గుడిసెలు వేసుకున్న కూలీలకు నల్లా కనెక్షన్ ఉండదు. ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి, పొదిలి, దర్శి వైపు, అనంతపురం వైపు ఉన్నవాళ్లకు ఈ బాధ సంగతి నేను చెప్పనక్కర్లేదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బును, మొదట వైద్య పత్రికకు ఎక్కించింది ఆ ప్రకాశం వైపు నుంచే. 1937లో, అప్పటికి అది మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా. ఆ తర్వాత అరవై ఏళ్లు గడిచినా నీళ్లు మారలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది బరిలో నిలిచారు. మంచినీళ్ల కోసం జనం ఎంచుకున్న నిరసన పద్ధతి అది. బ్యాలెట్ పేపరు పుస్తకంలా అచ్చేయాల్సి వచ్చింది.

ఇక పనిలోకి వద్దాం.

మొదటి పని: కొలవడం

కొలవకుండా ఏ మందూ వేయొద్దు. దీని తర్వాత చెప్పేదంతా రెండు అంకెల మీద నడుస్తుంది: మీ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత, క్షారత్వం (పులుపును తట్టుకునే గుణం) ఎంత. మొదటిది అందరూ అడుగుతారు, రెండోది ఎవరూ అడగరు. పటిక పద్ధతి ఇంట్లో దెబ్బతినేది ఎక్కువగా అక్కడే.

గ్రామీణ నీటి సరఫరా విభాగానికి జిల్లాల్లో ప్రయోగశాలలు ఉంటాయి. అక్కడికి ఒక లీటరు నమూనా పంపండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజును పట్టుకుంటుంది. శుభ్రమైన ప్లాస్టిక్ సీసా చాలు. మోటారు వేసి అయిదు పది నిమిషాలు నీళ్లు వదిలేశాక పట్టాలి. పైపులో నిలిచిన నీళ్లు బోరు సంగతి చెప్పవు. సీసాను అవే నీళ్లతో రెండు మూడుసార్లు తొలిచి, మెడ దాకా నింపి, బోరు ఎక్కడిదో, ఏ తేదీన పట్టారో రాసి అంటించండి. ఫ్లోరైడ్, క్షారత్వంతో పాటు పీహెచ్ (నీళ్లు పుల్లనా, క్షారమా చెప్పే అంకె), టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం), కాఠిన్యం, నైట్రేట్ కూడా చూడమని అడగండి.

ఊళ్లో ఫీల్డ్ కిట్ ఉంటే అదీ పనికొస్తుంది. జల్ జీవన్ మిషన్ కింద ఒక్కో ఊళ్లో అయిదుగురు మహిళలకు ఈ కిట్లతో పరీక్ష చేయడం నేర్పించాలన్నది నియమం. మీ ఊళ్లో వాళ్లెవరో పంచాయతీలో అడగండి. కిట్‌లో మందు చుక్కలు వేసి, వచ్చిన రంగును అట్ట మీది రంగులతో పోల్చుతారు. ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు అటూ ఇటూ ఉన్నప్పుడు ఆ రంగును చూసి ఇద్దరు మనుషులు రెండు అంకెలు చెబుతారు. అలాంటప్పుడు ప్రయోగశాల మాటే ఖాయం.

భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము, అంటే 1 పీపీఎం, దాటకూడదు. వేరే దారి లేకపోతే 1.5 దాకా సహిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత కూడా 1.5 దగ్గరే ఉంది. మన ఎండకు మనిషి తాగే నీళ్లు ఎక్కువ కాబట్టి నేను 1నే పట్టుకుంటాను.

పక్కింటి బోరు రిపోర్టు మీకు పనికిరాదు. మన కింద ఉన్నది గ్రానైట్ రాయి. అందులోని ఫ్లోరైడ్ ఖనిజాలు రాతి పగుళ్లలో నిలిచిన నీళ్లలోకి కొంచెం కొంచెంగా దిగుతాయి. కాల్షియం తక్కువ, సోడా గుణం ఎక్కువ ఉన్న నీళ్లలోకి మరీ దిగుతాయి. పగులు మారితే నీళ్లు మారతాయి. వంద గజాల దూరంలో ఉన్న రెండు బోర్లలో ఒకటి తాగొచ్చు, ఇంకోటి తాగకూడదు అన్నట్టుంటుంది. అందుకే ఊళ్లో ఉన్న బోర్లన్నిటినీ ఒకసారి పరీక్షించి, 1 లోపు ఉన్న బోరు ఒక్కటి దొరికినా తాగడానికి దాన్నే వాడుకోవడం అన్నిటికంటే చవకైన వైద్యం. బోరు కొట్టం మీద ఆ అంకె పెద్దగా రాసి పెట్టండి.

ఇవి చేసి ఫ్లోరైడ్ పోయిందనుకోవద్దు

కాచడం. ఇందులో తగ్గదు సరికదా, పెరుగుతుంది. 3 పీపీఎం ఉన్న రెండు లీటర్లు మరిగి లీటరున్నర అయితే అది 4 అవుతుంది. ఆవిరైపోయేది నీళ్లు, ఫ్లోరైడ్ కాదు.

క్యాండిల్ ఫిల్టర్, యూవీ ఫిల్టర్, రాగి బిందె: వేటి పని వాటికి ఉంది గానీ ఫ్లోరైడ్ జోలికి పోవు. చిల్లగింజ అరగదీసి కలిపితే చెరువు నీళ్లు తేటపడతాయి, మా నాయనమ్మ అలాగే చేసేది. తేటగా ఉన్న బోరు నీళ్లకు దానితో పని లేదు.

ఆర్‌ఓ తీస్తుంది, నిజమే. ఊళ్లో ప్లాంటు ఉంటే, దాన్ని చూసుకునే మనిషి ఉంటే తాగండి. కానీ తీసిన ఫ్లోరైడ్ అంతా వదిలేసే నీళ్లలో చిక్కగా చేరి మోరీలో కలుస్తుంది. మెంబ్రేన్ మార్చే డబ్బులు ఎవరు పెట్టాలో తేలక తాళం పడ్డ ప్లాంట్లు నేను ఒకటి కంటే ఎక్కువే చూశాను. టీడీఎస్ 1500 దాటిన బోరుకు మాత్రం కింద చెప్పే పటిక పద్ధతి కుదరదు. అక్కడ ఆర్‌ఓ గానీ, వేరే నీళ్లు గానీ తప్పవు.

ఎన్ని నీళ్లు శుద్ధి చేయాలి?

తాగేవి, వండేవి. అంతే. ఒళ్లు కడుక్కునే నీళ్లతో ఫ్లోరోసిస్ రాదు. అయిదుగురు ఉన్న ఇంటికి రోజుకు 40 లీటర్లు పెట్టుకుంటే సరిపోతుంది. వండే నీళ్లను లెక్కలోంచి తీసేయకండి. బియ్యం, పప్పు పీల్చుకునే నీళ్లన్నీ కడుపులోకే పోతాయి. 40 లీటర్లూ కుదరని రోజు ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్లకు ముందు పెట్టండి. పిల్లలకు పక్కా పళ్లు చిగురు లోపల తయారయ్యే వయసు అది. అప్పుడు పడ్డ మచ్చ తర్వాత పోదు.

వాన నీళ్లు: ఫ్లోరైడ్ తీయాల్సిన పనే లేని దారి

డాబా ఉన్నవాళ్లు పటిక కంటే ముందు ఇది ఆలోచించండి. ఒక చదరపు మీటరు డాబా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 50 చదరపు మీటర్ల డాబా, ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన, అయిదో వంతు వృథా పోయిందనుకున్నా 28,000 లీటర్లు. రోజుకు 40 చొప్పున ఏడాదికి కావలసింది 14,600 మాత్రమే. వానకు కొరత లేదు, దాచుకునే చోటుకే కొరత. ఎనిమిది నెలల ఎండా కాలానికి 9,600 లీటర్లు పట్టే తొట్టి కావాలి, ఖర్చంతా దాని మీదే. అంత కుదరకపోతే రెండు వేల లీటర్ల ట్యాంకుతో మొదలుపెట్టినా యాభై రోజులు బోరు నీళ్లు నోట్లో పోయకుండా గడుస్తుంది.

వానాకాలం ముందు డాబా ఊడ్చి కడగాలి. మొదటి వాన నీళ్లు ట్యాంకులోకి పోనివ్వకుండా పైపుకు ఒక మళ్లింపు పెట్టాలి. ట్యాంకుకు వెలుతురు తగలకూడదు, దోమ దూరకూడదు. తాగే ముందు క్లోరిన్ వేయాలి. ఇంతే.

పటిక పద్ధతి

దీని పేరే నల్గొండ టెక్నిక్. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో రూపొందించింది. మన జిల్లా పేరు ఇథియోపియా, టాంజానియా దాకా వెళ్లింది ఈ బకెట్టు వల్లనే. పటిక నీళ్లలో పడగానే అల్యూమినియం హైడ్రాక్సైడ్ పలుకులుగా విడుతుంది. ఫ్లోరైడ్ ఆ పలుకులకు అంటుకుంటుంది. పలుకులు అడుక్కు దిగుతాయి, పైన తేట మనది. విడేటప్పుడు పటిక నీళ్లలోని క్షారాన్ని తింటుంది: గ్రాము పటికకు సుమారు అర గ్రాము. క్షారత్వం అడగమన్నది అందుకే. తినడానికి క్షారం లేకపోతే నీళ్లు పుల్లబడతాయి, పలుకులు కట్టవు, అల్యూమినియం నీళ్లలోనే ఉండిపోతుంది. సున్నం కలిపేది ఆ లోటు పూడ్చడానికి.

కావలసినవి: 20 లీటర్ల నీళ్లు పట్టే ప్లాస్టిక్ బకెట్టు, అడుగు నుంచి నాలుగైదు సెంటీమీటర్ల పైన బిగించిన కుళాయి, చెక్క తెడ్డు, మందుల షాపులో దొరికే మిల్లీలీటర్ల గీతలున్న కప్పు, నాలుగు మడతల నూలు గుడ్డ, పీహెచ్ కాగితాలు.

పటిక విషయంలో ఒక మాట. మంగలి షాపుల్లో వాడే మెరిసే గడ్డ వేరు, వాటర్ వర్క్స్ వాళ్లు వాడే ఫిల్టర్ ఆలమ్ వేరు. గడ్డ పటికలో అల్యూమినియం ఆరు శాతం లోపే. ఫిల్టర్ ఆలమ్‌లో ఎనిమిది శాతం దాకా ఉంటుంది. కింది లెక్కలు ఫిల్టర్ ఆలమ్‌వి. బస్తా మీద ఐఎస్ 299 గుర్తు చూసి కొనండి. సున్నం అంటే తాంబూలం సున్నం డబ్బా కాదు, సుగంధాలేవీ కలవని, నీళ్లు చల్లి విరగదీసిన శుభ్రమైన సున్నం పొడి.

ముందు రెండు సీసాలు తయారు చేసుకోండి. ఒకదానిలో 100 గ్రాముల పటిక కరిగించి, నీళ్లు పోసి సరిగ్గా లీటరు చేయండి. ఇంకోదానిలో 10 గ్రాముల సున్నంతో లీటరు చేయండి. సున్నం అడుక్కు దిగిపోతుంది కాబట్టి ప్రతిసారీ బాగా కుదిపాకే కొలవాలి. రెంటి మీదా పేరు రాసి, పిల్లలకు అందని అటక మీద పెట్టండి. తేట నీళ్లనుకుని పటిక సీసా ఎత్తి తాగే ప్రమాదం ఉంది.

ఎంత వేయాలి? నీరి వాళ్ల పట్టిక నుంచి మన బోర్లకు తరచుగా తగిలే కొన్ని అంకెలు ఇవి. అన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో:

- ఫ్లోరైడ్ 2, క్షారత్వం 300 ఉంటే పటిక 275
- ఫ్లోరైడ్ 3, క్షారత్వం 300 ఉంటే పటిక 350
- ఫ్లోరైడ్ 4, క్షారత్వం 400 ఉంటే పటిక 470
- ఫ్లోరైడ్ 5, క్షారత్వం 400 ఉంటే పటిక 600

మన సీసాలో ఒక మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాముల పటిక ఉంది. ఫ్లోరైడ్ 3 ఉన్న 20 లీటర్లకు 350 ఇంటూ 20, అంటే 7,000 మిల్లీగ్రాములు, అంటే 70 మిల్లీలీటర్లు. సున్నం పటికలో ఇరవయ్యో వంతు. మన సీసాల ప్రకారం పటిక ఎన్ని మిల్లీలీటర్లో దానిలో సగం సున్నం నీళ్లు అని గుర్తుపెట్టుకుంటే చాలు, ఇక్కడ 35. మీ అంకె పట్టికలో రెండు వరుసల మధ్య పడితే ప్రయోగశాల వాళ్లనే మోతాదు రాసిమ్మనండి. వాళ్లకు పూర్తి పట్టిక ఉంటుంది.

ఇక చేసే క్రమం:

1. బకెట్టులో 20 లీటర్ల గీత దాకా నీళ్లు నింపండి. గీత పెయింటుతో వేసుకోండి, కంటి అంచనా వద్దు.
2. సున్నం నీళ్లు ముందు పోసి కలపండి. పటిక ముందు పోయకూడదు.
3. పటిక నీళ్లు పోసి ఒక నిమిషం పాటు గిరగిరా తిప్పండి.
4. ఆ తర్వాత పది పదిహేను నిమిషాలు నెమ్మదిగా, అంబలి కలిపినట్టు. అందరూ వదిలేసేది ఈ పనే. మొదటి రెండు నిమిషాలు నీళ్లు మసకబారతాయి తప్ప ఏమీ కనబడదు. తర్వాత ఇసుక రవ్వల్లాంటివి, ఆ తర్వాత విరిగిన పాల పలుకుల్లాంటివి తేలుతాయి. తెడ్డు జోరుగా తిప్పితే ఆ పలుకులు చితికిపోయి మళ్లీ కట్టవు.
5. తెడ్డు తీసి, మూత పెట్టి, గంటసేపు కదపకుండా వదిలేయండి.
6. కుళాయి తిప్పి, గుడ్డ మీదుగా వేరే పాత్రలోకి తేట పట్టండి. మొదటి గ్లాసు పారబోయండి.
7. పీహెచ్ కాగితం ముంచండి. 6.5 నుంచి 7.5 మధ్య ఉండాలి. లేకపోతే ఆ నీళ్లు తాగొద్దు.
8. 0.5 గ్రాముల క్లోరిన్ మాత్ర ఒకటి వేసి గంట ఆగండి.

ఆ గంట కాగానే తేటను దించేయాలి. మడ్డి మీద రాత్రంతా నిలిపి ఉంచితే, పట్టుకున్న ఫ్లోరైడ్ కొంత మళ్లీ నీళ్లలోకి వదిలేస్తుంది. "పొద్దున పట్టుకుందాంలే" అన్న రోజు చేసిన పనంతా బూడిదలో పోసినట్టే.

ఒకసారి నేను చేసిన తప్పు చెబుతాను. ఏప్రిల్‌లో మా బోరు ఎండిపోయి, పక్క చెలక బోరు నుంచి నీళ్లు తెచ్చుకున్నాం. ఫ్లోరైడ్ కిట్‌తో చూశాను, దాదాపు అంతే ఉంది. పాత మోతాదే పోశాను. పావుగంట తిప్పినా పలుకు కట్టలేదు, నీళ్లు చింతపులుసు తాకినట్టు పుల్లగా ఉన్నాయి. ఆ బోరులో క్షారత్వం మా దానిలో సగం కూడా లేదని ప్రయోగశాల రిపోర్టు వచ్చాక తెలిసింది. బోరు మారితే రెండు అంకెలూ మళ్లీ చూడాలి, ఒక్కటి కాదు.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. గ్రాము పటిక సుమారు 0.43 గ్రాముల సల్ఫేట్ తెచ్చి నీళ్లలో కలుపుతుంది. ప్రమాణం ప్రకారం సల్ఫేట్ 200 లోపు ఉండాలి, తప్పనిసరైతే 400. అంటే లీటరుకు 900 మిల్లీగ్రాముల పటిక వేస్తేనే, నీళ్లలో ముందున్నది లెక్కేయకుండానే, ఆ పై హద్దు దగ్గరకొస్తాం. కడుపు కదిలే అవకాశం కూడా ఉంటుంది. ఫ్లోరైడ్ 6 దాటిన బోరుకు బకెట్టు పెట్టుకుని కుస్తీ పట్టొద్దని నా సలహా. పట్టిక ఒప్పుకున్నా నేను ఒప్పుకోను. 3 ఉన్న బోరుకు మాత్రం రోజుకు 40 లీటర్ల చొప్పున నెలకు అయ్యే పటిక అరకిలో లోపే.

ఓపిక లేనివాళ్లకు: అల్యూమినా ఫిల్టర్

రోజూ తెడ్డు తిప్పలేం అనేవాళ్లకు యాక్టివేటెడ్ అల్యూమినా ఉంది. తెల్లటి గరుకు గింజలు. పైన గిన్నె, అందులో 3 నుంచి 5 కిలోల గింజలు, కింద తేట పట్టే గిన్నె. ఐఐటీ కాన్పూర్, యూనిసెఫ్ కలిసి ఇలాంటి ఇంటి ఫిల్టర్లను పల్లెల్లో ప్రచారంలోకి తెచ్చాయి. నీళ్లు పైన పోస్తే కిందికి నెమ్మదిగా కారతాయి, అంతకంటే పని లేదు.

చిక్కల్లా గింజలు నిండిపోయిన రోజు తెలియకపోవడం. నీళ్ల ధార అలాగే ఉంటుంది, రుచి అలాగే ఉంటుంది, ఫ్లోరైడ్ మాత్రం దాటిపోతూ ఉంటుంది. కాబట్టి ముందే లెక్క వేసుకోండి. కిలో గింజలు ఒక గ్రాము ఫ్లోరైడే పట్టుకుంటాయని జాగ్రత్తగా అనుకుందాం. 3 కిలోలకు 3,000 మిల్లీగ్రాములు. 3 పీపీఎం నీళ్లను 1కి దించాలంటే లీటరుకు 2 మిల్లీగ్రాములు పట్టుకోవాలి. అంటే 1,500 లీటర్లు. రోజుకు 20 లీటర్లు పోస్తే 75 రోజులు. క్యాలెండర్ మీద ఆ తేదీ చుట్టూ గీత గీయండి. యాభయ్యో రోజు నుంచి వారానికోసారి కిట్‌తో చూస్తూ ఉండండి.

గింజలను కాస్టిక్ సోడాతో కడిగి, ఆమ్లంతో సరిచేసి మళ్లీ వాడొచ్చు. ఆ పని వంటింట్లో చేయొద్దు, రెండూ ఒళ్లు కాల్చేవే. నాలుగైదు ఊళ్లకు కలిపి ఒక చోట, చేతి తొడుగులు, కళ్లద్దాలు ఉన్న మనిషి చేయాలి. మీ దగ్గర అలాంటి ఏర్పాటు లేకపోతే ఫిల్టరు కొనకండి. గింజలు నిండాక అది అలంకారం అయి కూర్చుంటుంది.

కంచంలో ఏముందో కూడా చూడండి

నీళ్లు మార్చినంత మేలు తిండి మార్పు చేయదు, కానీ తోడుపడుతుంది. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరల్లోని కాల్షియం కడుపులోనే ఫ్లోరైడ్‌ను కొంత పట్టేస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతున్నట్టు 2002లో ప్రచురించారు. మన పచ్చిపులుసుకు ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు. నల్ల ఉప్పు, పాలు లేని చిక్కటి టీ తగ్గించండి, వాటిలో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది.

ఇంట్లో పెద్దవాళ్లను మూడు పనులు చేయమనండి: గడ్డం ఛాతీకి ఆనించడం, రెండు చేతులు తల వెనక్కి పెట్టడం, మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు తాకడం. బిగుసుగా ఉంటే డాక్టరుకు నీళ్ల రిపోర్టుతో సహా చూపించండి. మొదట్లో పట్టుకుంటే నొప్పులు తగ్గే వీలుంది, వంగిపోయిన ఎముక మాత్రం తిరిగి రాదు.

మడ్డి ఎక్కడ పోయాలి?

బకెట్టు అడుగున మిగిలిన తెల్లటి మడ్డిలోనే మీరు తీసిన ఫ్లోరైడ్ అంతా ఉంది. మా పెద్దమ్మ మొదటి రోజు దాన్ని తీసుకెళ్లి గేదె కుడితిలో పోయబోయింది, నీళ్లు వృథా పోనీకూడదని. గేదెకూ ఎముకలున్నాయి. కుడితిలో వద్దు, కూరగాయల మడిలో వద్దు, బోరు చుట్టూ వద్దు. బోరుకు దూరంగా, వాన నీళ్లు పారని ఎత్తైన చోట ఒక చిన్న గుంత తవ్వి, లోపల సిమెంటు పూసి, పైన రేకు మూత పెట్టండి. ఎండకు ఆరిపోయి నెలకు గుప్పెడు పొడి మిగులుతుంది.

శుద్ధి చేసిన నీళ్లను మొదటి వారం రెండుసార్లు, తర్వాత నెలకోసారి కిట్‌తో చూసి గోడ మీద రాయండి. బోరు నీళ్లను మాత్రం మే నెలలో ఒకసారి, వానలు ఆగాక అక్టోబరులో ఒకసారి ప్రయోగశాలకు పంపండి. మా పెద్దమ్మ ఇంటి గోడ మీద ఇప్పుడు పాల లెక్క పక్కనే ఈ అంకెలున్నాయి. ఆమెకు చదువు రాదు, మనవడితో రాయిస్తుంది.